ఎనిమిది అడుగుల దూరం

డాబాగార్డెన్స్‌లో జిరాక్సు షాపు పైన మా గది.
గంటకి నలభై. చెప్పులు మెట్ల దగ్గరే.
రెండు యంత్రాలుండేవి మా అన్నయ్యకి.
ఒకదానికి తెల్ల కర్ర, టీవీ రిమోట్‌కి తమ్ముడిలాంటిది,
ఇంకోదానికి నల్ల కర్ర, కొసన పింగ్‌పాంగ్ బంతంత దీపం.
తెల్లది మణికట్టు తిప్పినా నమ్మేసేది,
సోఫాలో పడుకుని టెన్నిస్ కప్పు గెలిచినవాళ్లున్నారు.
నల్లదానితో అలా కుదరదు, భుజం కదలాల్సిందే.
దీని పక్షం వాళ్లూ దాని పక్షం వాళ్లూ
కింద పునుగుల బండి దగ్గర కొట్టుకునేవారు,
కైలాసగిరి ఎత్తా డాల్ఫిన్ నోస్ ఎత్తా
ఆ సాయంత్రమే తేలిపోవాలన్నట్టు.

మే నెల ఉక్క సంగతి మీకు తెలుసు.
చెమట చేతిలో కర్ర చేప.
తాడు తగిలించుకోండి బాబూ అని నా గొంతు పోయేది.
పాలిటెక్నిక్ కుర్రాడొకడు సర్వీసు చేసి
కర్రనే పంపించాడు టీవీలోకి.
చిల్లు చుట్టూ సాలెగూడు.
ఆ నెల లాభమంతా అందులో చిక్కుకుంది.

అప్పుడు తెచ్చాడు షకీల్, ఎదురు మేడ మీదికి,
కర్రే లేని యంత్రం.
టీవీ కింద పొడుగాటి కన్ను.
బోర్డు రాయించాడు: చేతులూపుకుంటూ రండి.
అన్నయ్య మర్నాడే రాయించాడు:
ఉత్త చేతుల్తో క్రికెట్ ఆడతారటండీ?

ఆ కంటికి ఎనిమిది అడుగుల ఎడం కావాలి.
షకీల్ గది ఆరున్నర.
గోడ పగలగొట్టి బాల్కనీ కలిపేశాడు.
వాన పడితే ఆడేవాడి వీపు తడిసేది.
ఫ్యాను గాలికి ఊగే తువ్వాలుని
రెండో ఆటగాడనుకునేది కన్ను.
తువ్వాలు మూడు మ్యాచులు గెలిచిందని
మా వైపు వాళ్లం పడీ పడీ నవ్వుకున్నాం,
నవ్వుతూనే లెక్క చూసుకున్నాం:
మా మెట్ల దగ్గర చెప్పులు సగానికి సగం.

పిల్లా పోలారావు వచ్చింది ఆ ఆగస్టులో.
పోర్టులో క్రేన్ కింద నిలబడి
చేతులతో సైగ చేసే మనిషి.
మనవడి కూడా వచ్చి, కాసేపు గోడవార నిలబడి,
"ఏటమ్మా ఇది, నాకూ ఓపాలి ఇయ్యి" అన్నాడు.
నల్ల కర్ర ఇచ్చాను. బంతి గులాబీ రంగులో వెలిగింది.
మొదలెట్టాలంటే బొటనవేలితో నడిమి మీట నొక్కాలి.
ఆయన కుడిచేతికి ఆ వేలు లేదు.
"వైరు రోపు తినీసింది, తొంబయ్యారులో"
అన్నాడు, బస్సు నంబరు చెప్పినట్టు.
ఎడంచేత్తో నొక్కి కుడిచేతికి మార్చాడు. జారింది.
తెల్లది ఇచ్చాను. దానికీ మీటే.
ఆయన నలభై రూపాయలూ అప్పటికే నా గల్లాలో ఉన్నాయి.

అన్నయ్య భోజనానికెళ్లాడు.
నేనే మెట్లు దిగి వీధి దాటించాను.
మా సందు వెడల్పు కూడా ఎనిమిదే అనుకుంటాను.
కంటి ముందు నిలబడ్డాడు పోలారావు,
పాతికేళ్లుగా టన్నులకి టన్నులు ఆపిన అరచెయ్యి ఎత్తి.
తెర ఒక్క క్షణం ఆగినట్టే ఉంది.
తర్వాత బౌలింగు.
విసురు లేదు, తొందర లేదు,
బరువు కింద మనుషులున్నారన్నట్టు
ఎంత కావాలో అంతే చెయ్యి.
పదికి పది పడ్డాయి. మళ్లీ పది.
షకీల్ కుర్రాళ్లు కేకలు మానేశారు.
అన్నయ్య నాతో వారం మాట్లాడలేదు.

ఎవరు గెలిచారంటే ఏం చెప్పను.
ఫోన్లొచ్చాయి, ఆటంతా మళ్లీ బొటనవేళ్లకి చేరింది.
షకీల్ గదిలో ఇప్పుడు కళ్లజోళ్ల షాపు.
నల్ల కర్ర మాత్రం నా బీరువాలో ఉంది,
ఛార్జి పెడితే ఇంకా వెలుగుతుంది.

మొన్న కోటవీధిలో మా మేడ మీద బట్టలు తీస్తూ
అటు కనిపించే క్రేన్‌కి అరచెయ్యి ఎత్తి చూపించాను.
ఆగింది.
టీ టైం అయ్యుంటుంది.